మంచం మాట

పెళ్ళికొడుకు రాకుండా పెళ్ళి జరగడం మా దేశంలో వింతేమీ కాదు. రాజన్నవాడు పెళ్ళాం కోసం సరిహద్దు దాటితే పరువు తక్కువట. అందుకని తన తరఫున ఒక మనిషిని పంపుతాడు. ఆ మనిషి ఉంగరం తొడిగితే రాజు తొడిగినట్టే. గుర్రం కొనాలంటే మాత్రం మహారాజులు స్వయంగా బయల్దేరి వెళ్ళి, నోరు తెరిపించి పళ్ళు చూసి మరీ కొంటారు. పెళ్ళాన్ని ఎవడో ఒకడు చూసొస్తే చాలు వాళ్ళకి. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. నా నోరింతే.

నన్ను బుర్గా అంటారు. ఎల్‌స్టెరౌ డ్యూకుగారి చిన్న కూతురు సిడోనియాకి పాలిచ్చి పెంచాను. పిల్ల పెద్దదయ్యాక దాని పక్కబట్టలు చూసుకునే పని నాకే అప్పగించారు. కన్నతల్లికి కొలువు తీర్చడంతోనే పొద్దు సరిపోయేది. జ్వరమొస్తే పిల్ల నా మెడే పట్టుకునేది. అందుకే సముద్రం అవతలి రాజు ఆల్బ్రెక్ట్‌తో సంబంధం కుదిరినప్పుడు, మనుషులెవరూ వద్దు, పిల్లొక్కర్తే రావాలని అక్కడివాళ్ళు పట్టుబట్టినా, సిడోనియా నన్ను వదలనని భీష్మించుకుంది. పక్కలు వేసే ముసలిదాని వల్ల నష్టమేముందిలే అని ఒప్పుకున్నారు.

మా ఎల్‌స్టెరౌలో ఇంకో ఆచారం ఉంది. మిగతా కొలువులన్నీ దాన్ని ఎప్పుడో వదిలేశాయి. మేం దేన్నీ పారెయ్యం, చిల్లుపడ్డ బొంతయినా సరే. చర్చిలో ఉంగరం తొడిగితే మా దగ్గర పెళ్ళి పూర్తయినట్టు కాదు. పెళ్ళికూతురు ఒంటినిండా బట్టలతో మంచమెక్కి ఈకల బొంత కప్పుకుంటుంది. రాజు తరఫున వచ్చినవాడు కుడికాలి బూటూ మేజోడూ విప్పి, మోకాలి దాకా కాలు బొంత కిందికి చాపుతాడు. అంతకు మించి అంగుళం చాపకూడదు. అలా చాపి అందరి ఎదటా మాటిస్తాడు. దాన్నే మంచం మాట అంటాం. అదయ్యాకే భోజనాలు.

ఆల్బ్రెక్ట్ పంపినవాడు రాబెనౌ యోబ్స్ట్ దొర. ముప్పై దాటని మనిషి, కానీ దగ్గుతో ఒళ్ళంతా ఆరిపోయి ఉన్నాడు. రాజు కావాలనే అలాంటివాణ్ణి ఏరి పంపాడని నా అనుమానం. పెళ్ళికూతురు మనసు పారేసుకోవడానికి ఏమీ మిగలని మనిషి గదా! కళ్ళు మాత్రం మంచివి. గదిలోకి వస్తూనే ముందు నాకు దణ్ణం పెట్టి, ఆ తర్వాత డ్యూకుగారికి పెట్టాడు. నన్ను ఎవరనుకున్నాడో ఏమో.

అతను చెప్పాల్సింది ఇంతే: "నా ప్రభువు ఆల్బ్రెక్ట్ తరఫున, నిన్ను భార్యగా స్వీకరిస్తున్నాను, చావు విడదీసేదాకా." కాలు చాపాడు, నోరు తెరిచాడు, దగ్గు అందుకుంది. దగ్గు మధ్యలో కాస్త ఊపిరి దొరగ్గానే, సిడోనియా కళ్ళలోకి చూస్తూ, "నిన్ను భార్యగా స్వీకరిస్తున్నాను" అన్నాడు. మళ్ళీ దగ్గు. ముందు ముక్కా చివరి ముక్కా దగ్గే మింగేసింది. పాస్టరుగారికి ఆకలేస్తోంది కాబోలు, "ఆమెన్" అనేశారు.

నేను మంచం తలాపున బొంత పట్టుకుని నిలబడి ఉన్నాను. నా చెవులకి ఏ రోగమూ లేదు. పిల్లని తీసుకెళ్ళడానికి అవతలి దేశం నుంచి వచ్చిన పెద్దావిడ, క్లోటిల్డా దొరసాని, నా పక్కనే ఉంది. ఉండబట్టలేక ఆవిడతో అన్నాను.

"దొరసానిగారూ, ఆయన మాట పూర్తి చెయ్యలేదండీ. రాజుగారి పేరే రాలేదు. చావు ముక్క కూడా రాలేదు."

"దగ్గొస్తే ఏం చేస్తాడే? మనసులో అనుకునే ఉంటాడులే."

"మనసులో అనుకుంటే పెళ్ళయిపోతుందాండీ? అలాగైతే మా ఊళ్ళో ఒక్కొక్కడికి పదేసి పెళ్ళిళ్ళయ్యుండేవి."

"నీ వాగుడు ఆపి ఆ బొంత తియ్యి. కింద చేపలు చల్లారిపోతున్నాయి."

అందరూ చేపలు తినడానికి దిగిపోయారు.

ప్రయాణమంతా యోబ్స్ట్ దొర మా బండి కిటికీ పక్కనే గుర్రం మీద వచ్చాడు. పిల్ల ఏడుస్తూ కూర్చుంటే, వాళ్ళ భాషలో మాటలు నేర్పేవాడు. రొట్టె, నీళ్ళు, వాన. "ముందు 'చాలు' అనడం నేర్చుకోండి యువరాణీ. మావాళ్ళు వడ్డించడం మొదలెడితే ఆపరు" అని ఓసారి నవ్వించాడు. ఇల్లు వదిలాక పిల్ల నవ్వడం అదే మొదలు. రేవు దగ్గరపడేసరికి అతను గుర్రం మీద కూర్చోలేకపోయాడు.

"యువరాణీ, మంచం దగ్గర నా మాట మధ్యలో తెగిపోయింది. ఓడెక్కే ముందు పూర్తి చేస్తాను. మాటని అలా వదిలేస్తే మంచిది కాదు" అన్నాడు.

"మీ ఆరోగ్యం కుదుటపడనివ్వండి. మాటకేం తొందర?" అంది పిల్ల.

కుదుటపడలేదు. రేవులోని సత్రంలో కన్నుమూశాడు. పెళ్ళికూతురు శవాన్ని చూడకూడదని క్లోటిల్డా అడ్డుపడింది. గాలి అనుకూలంగా ఉంది, ఆగనన్నాడు ఓడవాడు. ఇసకలో గబగబా పూడ్చేసి బయల్దేరాం. ఓడ మీద పిల్ల వెనక్కి తిరిగి ఒడ్డునే చూస్తూ కూర్చుంది.

అవతలి ఒడ్డున ఆల్బ్రెక్ట్ తన వేటకుక్కలతో వచ్చి నిలబడ్డాడు. దుక్కలాంటి మనిషి. పిల్ల వంగి దణ్ణం పెడితే ఎగాదిగా చూసి, క్లోటిల్డా వైపు తిరిగి, "వాళ్ళు పంపిన బొమ్మలో ఇంతకంటే బాగుందే!" అన్నాడు. ఆ నాలుగు మాటలు అర్థమయ్యేంత భాష పిల్లకి అప్పటికే వచ్చు. యోబ్స్ట్ నేర్పిన చదువు మొదట పనికొచ్చింది ఇందుకు.

ఆ దేశంలో ఎండాకాలం పొద్దు గుంకదు. తొలి రాత్రి అన్నది పేరుకే, కిటికీ నిండా ఎండే. కొలువంతా చేరి ఇద్దర్నీ మంచమెక్కించి, తెరలు దించి, తలుపు దగ్గర గుమిగూడి ఇకిలిస్తున్నారు. కాసేపటికి లోపల్నుంచి పెద్ద కేక. రాజు చొక్కా ఒకటే ఒంటి మీదుంచుకుని బయటికి ఉరికాడు.

"మంచంలో కాలుంది!"

"తమరిదే అయ్యుంటుంది మహారాజా" అన్నాడు తలుపు దగ్గరున్నవాడెవడో.

"నా రెండు కాళ్ళూ నా కిందే ఉన్నాయిరా గాడిదా!"

అందరూ పగలబడి నవ్వారు. రాజు తాగి ఉన్నాడనుకున్నారు. పక్క సరిచేసే వంకతో నేను లోపలికి వెళ్ళాను. పిల్ల దిండుకి చేరగిలబడి, ముడుచుకోకుండా, బెదరకుండా కూర్చుని ఉంది. నేను బొంత కింద చెయ్యి పెట్టాను.

చలి. వేళ్ళు తగిలాయి. చీలమండ ఎముక తగిలింది. పిక్క మీద వెంట్రుకలు, ఆపైన బక్క మోకాలు. మోకాలి పైకి చెయ్యి జరిపితే పిడికిట్లోకి దుప్పటి తప్ప ఏమీ రాలేదు. చెయ్యి వెనక్కి లాక్కుని బొంత ఎత్తి చూశాను. ఏమీ లేదు, పరుపు మీద కాలి పొడవున గుంట మాత్రం ఉంది. నేను చూస్తుండగానే ఆ గుంట కాస్త పక్కకి జరిగింది, నాకు దారిచ్చినట్టు.

"ఆయనే బుర్గమ్మా" అంది పిల్ల నెమ్మదిగా. "మాట ఇంకా పూర్తి కాలేదు గదా, అందుకే వచ్చారు."

"మోకాలి దాకానా?"

"అంతవరకే గదా ఆయనకి అనుమతి."

చెయ్యని ప్రయత్నం లేదు. నిప్పుల పళ్ళెం పెట్టి పక్క వెచ్చచేస్తే బొగ్గులు నల్లబడి ఊరుకునేవి. దిండు కింద బైబిలు పెట్టాను. గది మార్చాం, మంచం మార్చాం, పరుపు విప్పి ఈకలు ఎండలో పోశాం. దుప్పటి పరిచి వెనక్కి తిరిగేలోగా కుడిపక్కన గుంట పడేది. "దొరగారూ, సిగ్గుండాలి. చచ్చినవాడు చచ్చినట్టు పడుండాలి గానీ పరాయివాడి పక్కలో చేరతారటండీ?" అని ఎన్నిసార్లు తిట్టానో. తిట్టినప్పుడల్లా గుంట కాస్త వెనక్కి జరిగేది, అంతే, పోయేది కాదు. మర్యాదస్థుడి దెయ్యంతో వచ్చే చిక్కే అది. పోట్లాడ్డానికైనా పనికిరాదు.

రాజు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడు. ఆఖరిసారి కత్తి పట్టుకుని మంచమెక్కి పరుపుని కసిదీరా పొడిచాడు. పిల్ల ఆ పక్కనే పడుకుని ఉందన్న ధ్యాస కూడా లేదు వెధవకి. దాని భుజం గీసుకుపోయింది. నెత్తురు తుడుస్తూ నేను ఏడిస్తే పిల్లే నన్ను ఓదార్చింది. ఆ తర్వాత రాజు ఆ గది ఛాయలకి రాలేదు. వంటింటి నుంచి గుర్రాల సాల దాకా ఒకటే గుసగుస, రాణిగారి మంచంలో ఎవడో ఉన్నాడట అని.

చలికాలం సగం గడిచాక క్లోటిల్డా వచ్చింది. ఎదటికి రాకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"మంచు కరిగేలోగా రాణిగారు రాజుగారిని మంచానికి రప్పించుకోవాలి. లేకపోతే బిషప్పుల్ని పిలిపించి విచారణ పెడతారు. స్కార్‌హోల్మ్ కోట సిద్ధం చెయ్యమని ఇప్పటికే కబురెళ్ళింది."

స్కార్‌హోల్మ్ అంటే ఏమిటో నాకు అంట్లు తోమేవాళ్ళు చెప్పారు. సముద్రం మధ్యకి పొడుచుకొచ్చిన రాతికోట. ఇంతకుముందు ఒక రాణిని అక్కడే ఉంచారు. ఆవిడ చివరికి గోడలతో మాట్లాడుతూ పోయిందట. నా పిల్లకి ఇంకా ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఏం చేసైనా సరే, దాన్ని ఆ రాళ్ళలోకి పోనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. రాలేనివాడి తరఫున ఇంకొకరు కాలు చాపొచ్చని నేర్పింది ఈ రాజులే గదా. చచ్చినవాడికంటే రాలేనివాడెవడుంటాడు? యోబ్స్ట్ తరఫున నేను కాలు చాపుతాను, ఆ తెగిన ముక్క నేను చెప్పేస్తాను. "చావు విడదీసేదాకా" అనేస్తే, చావు ఎటూ వచ్చిపోయింది కాబట్టి అతనూ పోతాడు.

పిల్లకి చెబితే కాదనలేదు, అవుననలేదు. మధ్యాహ్నం పూట, వచ్చీరాని వెలుగులో మంచమెక్కి పడుకుంది. నేను మేజోడు విప్పాను. వాచిన నా ముసలికాలు బొంత కిందికి చాపితే, అక్కడున్న చల్లటి కాలు తగిలింది. అతని పిక్క సన్నగా వణుకుతోంది. భయపడుతున్నాడు. దెయ్యం నన్ను చూసి భయపడటం ఏమిటో!

"రాబెనౌ యోబ్స్ట్ దొర తరఫున..." అని మొదలుపెట్టాను.

పిల్ల లేచి నా నోరు గట్టిగా మూసింది.

"వద్దు బుర్గమ్మా."

చెయ్యి విదిలించుకున్నాను. "వద్దేమిటే? మతిపోయిందా? మంచు కరుగుతోంది!"

"ఆయన పోతే నాకెవరున్నారు?"

"మొగుడున్నాడు! దేశానికి రాజు!"

"పరుపు పొడిచినవాడా?" అంది పిల్ల. "నన్ను చూసి బొమ్మే నయమన్నవాడా? నేను మాట్లాడితే నా యాస పట్టుకుని కొలువంతా నవ్వుతారు. రోజంతా ఆ నవ్వుల్లో నిలబడి వచ్చి ఇక్కడ పడుకుంటే, ఆయన కాలు జరిపి చోటిస్తారు. అంతే. ఈ దేశంలో నాకు చోటిచ్చింది ఆయనొక్కరే."

"చచ్చినవాడి కళ్ళు చారెడేసి అని ఊరికే అన్నారా! బతికుంటే వీడూ అందరిలాంటి వాడే అయ్యుండేవాడు. చచ్చినవాడితో కాపురమేమిటే పిచ్చిదానా?"

"బతికున్నవాడు చేసిన కాపురం చూశావుగా" అంది పిల్ల.

అంత కోపం, అంత ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మేజోడు తొడుక్కుంటూ, "పోనీ, బిషప్పుల ముందు ఒక్క అబద్ధమాడు తల్లీ. మంచంలో ఎవరూ లేరని చెప్పు. ఆ తర్వాత నీ ఇష్టం" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. పిల్ల నా తల నిమిరింది గానీ మాటివ్వలేదు.

విచారణ పెద్ద కొలువుగదిలో జరిగింది. బిషప్పులు వరసగా కూర్చున్నారు. రాజు కుర్చీలో జారగిలబడి కుక్క చెవులు గోకుతున్నాడు. క్లోటిల్డా ఒక పక్క, నేను గోడవార. నడుమ నా పిల్ల. ఆమె వచ్చి నిలబడగానే కుక్క రాజు చేతికింద నుంచి తప్పించుకుని, తోక ముడిచి, కుర్చీ వెనక్కి దూరింది. అది నేనూ చూశాను, రాజూ చూశాడు.

పెద్ద బిషప్పు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, బైబిలు మీద చెయ్యేసి చెప్పండి. మీ మంచంలో రాజుగారు కాక మరో మగమనిషి ఉన్నాడా?"

లేడని చెప్పు తల్లీ, లేడని చెప్పు అని నేను గోడకి నుదురాన్చి గొణుక్కుంటున్నాను.

"ఉన్నాడండీ" అంది సిడోనియా. "నా భర్త."

గదంతా కలకలం. "పేరు?" అన్నాడు బిషప్పు.

"రాబెనౌ యోబ్స్ట్."

"అతను పోయాడుగా!" అని అరిచింది క్లోటిల్డా.

"అవును తల్లీ, పోయినవాడు భర్తెలా అవుతాడు? చావు విడదీసేదాకానే గదా పెళ్ళి" అన్నాడు బిషప్పు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"ఆ ముక్క ఆయన అనలేదండీ. రాజుగారి పేరు కూడా అనలేదు. నిన్ను భార్యగా స్వీకరిస్తున్నాను అన్నారు, అంతవరకే. దొరసానిగారు అక్కడే ఉన్నారు, అడగండి."

అందరూ క్లోటిల్డా వైపు తిరిగారు. ఆవిడ అవుననీ కాదనీ అనలేక తల దించుకుంది. కాదని బైబిలు మీద చెయ్యేసే ధైర్యం ఆ ఒక్క రోజూ లేకపోయింది ఆవిడకి. అవునంటే రాజుకి అసలు పెళ్ళే కాలేదని ఒప్పుకున్నట్టు. బిషప్పులు తలలు దగ్గర చేర్చి గుసగుసలాడారు. రాజు మాత్రం గట్టిగా నవ్వాడు.

"పిచ్చెక్కింది దీనికి. తీసుకెళ్ళండి" అన్నాడు. నవ్వాడు గానీ కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే స్కార్‌హోల్మ్‌కి బండి కట్టారు. సాగనంపడానికి ఎవరూ రాలేదు. రాణి అన్న పేరు తీసేశారు కాబట్టి కిరీటం బొమ్మ లేని మామూలు బండి, నలుగురు పట్టేది. నా మూటా పిల్ల పెట్టే వెనక కట్టారు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, నేను ఎదట. దాన్ని రాళ్ళపాలు కాకుండా ఆపలేకపోయాననే దుఃఖంతో నేను తలెత్తలేదు. బండివాడు తలుపు వెయ్యబోతుంటే పిల్ల, "ఒక్క క్షణం ఆగు" అంది. గౌను దగ్గరికి లాక్కుని, కిటికీ వైపు ఒదిగి కూర్చుంది.

మెట్టు కిర్రుమంది. బండి ఆ పక్కకి వాలింది. పిల్ల పక్కన మెత్త కిందికి దిగింది. మోకాలంత మేర కాదు, ఆ హద్దు భర్తకి ఉండదు గదా. నడుమూ తొడలూ ఉన్న నిండు మనిషి కూర్చుంటే ఎంత దిగాలో అంత. ఆనుకునే మెత్త మీద భుజాల మేర కూడా నొక్కుకుపోయింది. పిల్ల మొహం చూశాను. ఈ దేశంలో అడుగుపెట్టాక అంత నిశ్చింతగా దాన్ని ఎప్పుడూ చూడలేదు.

బండివాడు లోపలికి తొంగిచూసి, చక్రాల వైపు చూసి, మళ్ళీ లోపలికి చూశాడు.

"అమ్మా, ఇద్దరాడవాళ్ళే అని చెప్పారు నాకు. బండి చూస్తే ఎవరో మగమనిషి ఎక్కినట్టు ఒరిగింది. లోపల ఎవర్నైనా దాచారా?"

పిల్ల నా వైపు చూసింది. నేను కళ్ళు తుడుచుకుని, ఎదటి ఖాళీకి దణ్ణం పెట్టాను.

"దాచడమెందుకయ్యా? మా అల్లుడుగారు ఎక్కారు" అన్నాను. "తలుపేసి తోలు."